మీకు తెలుసా? మన నోరూ ఓ నాలుగు రోడ్ల కూడలే!

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డారనుకోండి. ఒక రోడ్డు కడపకు, ఒకటి ప్రొద్దుటూరుకు, ఒకటి బద్వేలుకు, ఇంకొకటి నంద్యాలకు! మన నోరూ అచ్చం అంతే! పైన కుడి, పైన ఎడమ, కింద కుడి, కింద ఎడమ. ఒక్కో రోడ్డులో 8 పళ్లు! కరెంటు బ్రష్ తయారుచేసేవాళ్లు ఈ లెక్క మీదే దానికి బుద్ధి నేర్పారు. ఎలాగంటారా? చెవి ఇటివ్వండి!

బ్రష్ ఆన్ చేశారు. జుయ్యిమని తిరుగుతోంది. ఉన్నట్టుండి ఓ క్షణం తడబడి మళ్లీ అందుకుంది! పాడైపోయిందని కంగారు పడకండి. అది సైగ! 30 సెకన్లు అయ్యాయి, ఈ రోడ్డు చాలు, పక్క రోడ్డుకు పదండి అంటోంది! కడప రోడ్డు, ప్రొద్దుటూరు రోడ్డు, బద్వేలు రోడ్డు, నంద్యాల రోడ్డు. నాలుగూ తిరిగేసరికి రెండు నిమిషాలు, పని పూర్తి! అందుకే అంగట్లో మీరు అడగాల్సిన మొదటి మాట ఒక్కటే: "టైమర్ ఉందా?" రంగూ, డబ్బా మీద బొమ్మా తర్వాత చూసుకోవచ్చు.

రెండు నిమిషాలా, అబ్బో అంతసేపా అంటారా? మన 32 పళ్లకూ పంచి చూడండి. ఒక్కో పంటికి దక్కేది 4 సెకన్ల లోపే! అందులోనే ముందువైపు, వెనకవైపు, నమిలే వైపు! అబ్బో కాదు, అయ్యో అనాలి!

ఇంకో లెక్క చెప్తా, పక్కవాళ్లకూ చెప్పండి! పొద్దున రెండు నిమిషాలు, రాత్రి రెండు నిమిషాలు. ఏడాదికి ఎంతవుతుంది? 24 గంటలు దాటుతుంది! అంటే ప్రతి ఏటా ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా పళ్లు తోముతూనే గడుపుతాం!

చేత్తో ఎంత గబగబా తోమినా నిమిషానికి కొన్ని వందల ఊపులే. సోనిక్ అనే రకం కరెంటు బ్రష్ ఎంత ఊగుతుందో తెలుసా? నిమిషానికి 31,000 సార్లు! మీరు కన్ను ఆర్పి తెరిచేలోపు వంద దాటేస్తుంది!

ఆ ఊపుకు ఓ స్వరం కూడా ఉంది! పోనూ రానూ కలిపి ఒకటిగా లెక్కేస్తే సెకనుకు దాదాపు 260 కంపనాలు. హార్మోనియం ముందు కూర్చుని ఒకటో శ్రుతి మెట్టు నొక్కండి. పలికేది కాస్త అటూ ఇటుగా అదే! పద్యనాటకంలో కృష్ణుడు రాగం ఎత్తుకునే ముందు వినిపించే ఆ "సా", పొద్దున్నే మీ నోట్లో మోగుతోందన్నమాట! నాకైతే ఇది తెలిసిన రోజు నుంచి ఆ చప్పుడు చప్పుడులా వినబడటం లేదు.

మరి ఇంత ఊపు అదే ఊగుతుంటే, మన చెయ్యి ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు! ఇదే అసలు రహస్యం. మామూలు బ్రష్‌తో రుద్దినట్టు దీంతో రుద్దితే డబ్బులు దండగ, చిగుళ్లకు చేటు. కుచ్చును పన్నూ చిగురూ కలిసే గీత మీద 45 డిగ్రీలు వాల్చి పెట్టండి. ఊరికే పట్టుకోండి. మెల్లగా పక్క పంటికి జరపండి. అంతే! గుండ్రటి హెడ్ బ్రష్ అయితే ఒక్కో పన్ను దగ్గరా ఆగి, పంటి ఒంపు వెంబడే తిప్పి, ముందుకు కదలండి. నందికొట్కూరు బస్సులా ఆగాగి వెళ్లాలి, ఎక్స్‌ప్రెస్‌లా దూసుకుపోకూడదు!

ఎంత బరువు మోపాలి? పులివెందుల తోటలో కోసిన చిన్న చీనీకాయను అరచేతిలో పెట్టుకోండి. 150 గ్రాములు ఉంటుందా? అంతే చాలు! అంతకంటే గట్టిగా నొక్కితే కొన్ని బ్రష్‌లలో ఎర్ర దీపం వెలుగుతుంది. కొన్ని ఊపు తగ్గించేసుకుంటాయి. చెయ్యి గట్టిదైన వాళ్లు ఈ దీపం ఉన్నదే కొనండి. నా మాట వినండి, టైమర్ తర్వాత రెండో స్థానం దీనిదే!

ప్రొద్దుటూరులో బంగారం కొంటున్నారా? ఒక ముచ్చట! ఆ 24 క్యారెట్ల మేలిమి బంగారం కంటే మీ పన్ను గట్టిది! రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ కొలబద్దలో బంగారం 3కు మించదు. పంటి పైపొర ఎనామిల్ దానికి ఎంతో పైన! మన ఒంట్లో ఎముకతో సహా దేనికీ అంత గట్టిదనం లేదు!

అంత గట్టి పన్ను పుల్లటి దానికి మాత్రం లొంగిపోతుంది! ఇంట్లో కడప బండ పరిచిన గట్టు ఉంటే దాని మీద నిమ్మరసం చుక్క వదిలి చూడండి. మచ్చ పడుతుంది! జమ్మలమడుగు, యర్రగుంట్ల వైపు తవ్వే నాపరాయిలో ఉన్నదీ కాల్షియమే, పంటిలో ఉన్నదీ కాల్షియమే. నోట్లో పులుపు పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందికి దిగిందా, ఎనామిల్ కరగడం మొదలు!

అందుకే చీనీ రసం తాగి వెంటనే బ్రష్ అందుకోకండి! మెత్తబడిన పొరను అన్ని వేల ఊపులు గీసేస్తాయి. నీళ్లతో నోరు పుక్కిలించి ఊరుకోండి. కనీసం 30 నిమిషాలు ఆగండి. ఈలోపు ఉమ్మి తన పని తాను చేసుకుపోతుంది. పోయిన కాల్షియాన్ని తెచ్చి మళ్లీ పంటికి పూస్తుంది! ఒంట్లోనే తాపీమేస్త్రీ!

ఆ ఉమ్మి రోజుకు ఎంత ఊరుతుందో ఊహించండి. లీటరు దాకా! రాత్రి నిద్రలో మాత్రం దాదాపు ఎండిపోతుంది. పళ్లకు కాపలా లేని సమయం అదే! పొద్దున మానినా మానండి, రాత్రి పడుకోబోయే ముందు మాత్రం మానకండి!

పేస్టులో ఆ తెల్లటి పొడి ఏమిటి? చాలా పేస్టులలో కాల్షియం కార్బొనేటే! అంటే నాపరాయిలో ఉన్న ఖనిజమే మెత్తగా నలిగి గొట్టంలో కూర్చుంది! మోస్ కొలబద్దలో దాని గట్టిదనం 3. పన్ను కంటే తక్కువ. అందుకే పాచిని గీకుతుంది, పన్నును వదిలేస్తుంది!

బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు? కరెంటు బ్రష్ దగ్గరికి వాటిని రానివ్వకండి! పేస్టు గరుకుదనానికి ప్రపంచమంతా పాటించే హద్దు ఒకటుంది. ఆర్డీఏ అంటారు, అది 250 దాటకూడదు. పొయ్యిలో బొగ్గుకు ఆ హద్దు ఎవరు కొలిచారు?

ఇప్పుడొక తియ్యటి కథ! అమెరికాలో జాన్ ఆషర్ అనే ఆయన పిల్లల కోసం ఓ లాలీపాప్ అమ్మకానికి తెచ్చాడు. పుల్లలో చిన్న మోటారు. మీట నొక్కితే మిఠాయి నోట్లోనే గిరగిరా తిరుగుతుంది! తర్వాత ఆయనకో ఆలోచన వచ్చింది. మిఠాయి తీసేసి ఆ చోట కుచ్చు పెడితే? పెట్టాడు! 5 డాలర్లకు అమ్మే బ్యాటరీ బ్రష్ పుట్టింది. దాన్ని ఓ పెద్ద కంపెనీ కొనుక్కుంది. ఎంతకో తెలుసా? మొత్తం 47.5 కోట్ల డాలర్లు! పళ్లు పాడుచేసే మిఠాయే పళ్లు కాపాడే బ్రష్ అయింది చూశారా!

అసలు మొదటి కరెంటు బ్రష్ ఎప్పటిది? నిన్నమొన్నటిది అనుకుంటున్నారు కదూ! 1954! స్విట్జర్లాండ్‌లో డాక్టర్ ఫిలిప్ గీ వూగ్ చేశాడు. పేరు బ్రోక్సోడెంట్. వైరు తిన్నగా గోడ ప్లగ్గులోకే! చేతులు సరిగా ఆడని రోగులను, పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని చేశాడు. ఇవాళ్టికీ దీని అవసరం అందరికంటే ఎక్కువున్నది వాళ్లకే! చేతులు వణికే జేజికి, కీళ్లనొప్పులతో పిడికిలి బిగియని తాతకు లావు పిడి ఉన్న కరెంటు బ్రష్ ఇచ్చి చూడండి. ఎవరి సాయమూ లేకుండా తమ పళ్లు తామే తోముకుంటారు! ఆ వయసులో అదెంత పెద్ద మాటో ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

బ్రష్ పోగులు నైలాన్ అని తెలుసు. అంతకుముందు? పంది వెంట్రుకలు! నిజం! 1938లో నైలాన్ పోగుల బ్రష్ అమ్మకానికి వచ్చేదాకా బ్రష్‌లలో ఎక్కువగా ఉన్నది పంది వెంట్రుకలే! నైలాన్ దారం మొదట పనికొచ్చింది చీరలకూ మేజోళ్లకూ కాదు, పళ్లకు!

పని చేస్తుందా, ఊరికే సోకా? ఈ అనుమానం అందరిదీ! వైద్య పరిశోధనలను ఒక్కచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014లో తీర్పు చెప్పింది. మూడు నెలలకు మించి వాడినవాళ్లలో మామూలు బ్రష్‌తో పోలిస్తే పాచి 21 శాతం తక్కువ! ఏదో ఒక పరీక్ష చూసి అన్న మాట కాదు, పదుల కొద్దీ పరీక్షలు కలిపి తేల్చిన మాట!

జర్మనీలో ఇంకా ఓపికపట్టారు. గ్రైఫ్స్‌వాల్డ్‌లో పరిశోధకులు వేలమంది నోళ్లను 11 ఏళ్లు గమనించారు! కరెంటు బ్రష్ వాడినవాళ్లకు చిగుళ్లు తక్కువగా కిందికి జారాయి. ఎక్కువ పళ్లు మిగిలాయి కూడా!

అయినా ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు పద్ధతిగా తోమేవాళ్ల పళ్లూ చక్కగానే ఉంటాయి! 40 రూపాయల మెత్తటి బ్రష్‌ను ఎవరూ చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. కరెంటు బ్రష్ కొనలేకపోయానే అని ఎవరూ బాధపడకండి!

బ్రష్‌ను స్టాండ్ మీద పెడతాం. వైరు తగలదు, ఇనుము తగలదు, అయినా చార్జ్ అవుతుంది! మాయ కాదు. పొలం గట్టున ట్రాన్స్‌ఫార్మర్ చూశారు కదా? అదే ఇది! స్టాండులో సగం ట్రాన్స్‌ఫార్మర్, బ్రష్ అడుగున మిగతా సగం! మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం ఇవాళ మీ స్నానాల గదిలో కూర్చుంది!

కరెంటు బిల్లు మోగిపోతుందేమో? అస్సలు కాదు! స్టాండు రాత్రింబవళ్లు 1 వాటు లాగుతుందని లెక్కేసుకోండి. ఏడాదంతా అలా వదిలేసినా అయ్యేది తొమ్మిది యూనిట్లే! ఐదు హార్స్‌పవర్ బోరు మోటారు రెండున్నర గంటలు ఆడితే అంత కరెంటు తాగేస్తుంది!

కువైట్ నుంచి చిన్నాయన బ్రష్ తెచ్చాడా? సంతోషంగా వాడుకోండి! అక్కడా 240 వోల్టులే. మన కరెంటుకు దగ్గరే! పిన్ను మాత్రం పలకల మూడు కాళ్లది, మన గోడలో దూరదు. ఓ చిన్న అడాప్టర్ కొనుక్కుంటే సరి!

అమెరికా నుంచి అక్క పంపిందా? ఆగండి, ప్లగ్గులో పెట్టకండి! అక్కడ కరెంటు 120 వోల్టులే! మన కరెంటు దాదాపు రెట్టింపు. కొన్ని స్టాండులు ఆ దెబ్బకు మాడిపోతాయి. స్టాండు అడుగున చిన్న అక్షరాలు చదవండి. 100 నుంచి 240 దాకా అని రాసుంటే మన దగ్గరా పనిచేస్తుంది. 110 అనో 120 అనో మాత్రమే ఉంటే అడాప్టర్ పిన్ను మార్చినా లాభం లేదు! అది కాలు మారుస్తుంది, కరెంటును మార్చదు.

డబ్బా మీద ఐపీఎక్స్ 7 అని ఉందా? బ్రష్ బకెట్లో పడినా బెంగ వద్దు! మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు మునిగినా లోపలికి చుక్క పోకూడదని ఆ గుర్తుకు అర్థం!

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇది తప్పక చదివి వినిపించండి! స్టాండులో అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. స్టాండును చంకలో పెట్టుకుని మోయకూడదు. అంతే, అంతకుమించి భయపడక్కర్లేదు. కొనేముందు డాక్టరును ఒక్కమాట అడిగితే మరీ మంచిది!

బ్రష్ ఒకసారి కొంటాం, హెడ్‌లు మాత్రం కొంటూనే ఉండాలి! మూడు నెలలకొకటి. అంటే ఏడాదికి 4! ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్రష్ చవకగా దొరికిందని తెచ్చుకుంటారు, ఆ కంపెనీ హెడ్ ఊళ్లో ఎక్కడా దొరకదు! కొనేముందే అడగండి: "హెడ్ ఎంత? ఎప్పుడూ దొరుకుతుందా?" దొరకదంటే ఎంత అందమైన బ్రష్ అయినా అక్కడే పెట్టేసి రండి.

పిల్లలకు పాలపళ్లు ఎన్ని? 20! ఆ చిన్న నోటికి చిన్న హెడ్, మెత్తటి పోగులు కావాలి. మూడేళ్లు నిండేదాకా పేస్టు బియ్యపు గింజంతే. ఆరేళ్ల దాకా బఠానీ గింజంతే! ప్రకటనల్లో కుచ్చు పొడవునా పాములా వేస్తారే, అంత అక్కర్లేదు. ఇంకో కిటుకు! పేస్టు పెట్టి, బ్రష్ నోట్లోకి పోయాకే స్విచ్ వేయమనండి. లేదంటే అద్దమంతా ముగ్గే!

తోమాక బాగా పుక్కిలిస్తున్నారా? దంతవైద్యుల మాట దీనికి సరిగ్గా ఎదురు! ఉమ్మేయండి చాలు, నీళ్లతో కడిగేయకండి అంటారు! పేస్టులో ఫ్లోరైడ్ పది లక్షల భాగాల్లో 1,000 దాకా ఉంటుంది. ఆ కాస్తా పళ్ల మీద ఉంటేనే పని. పుక్కిలిస్తే కాలువ పాలు!

అదే ఫ్లోరైడ్ తాగే నీళ్లలో ఎక్కువైతే? పళ్ల మీద గోధుమ రంగు మరకలు! లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. పులివెందుల, వేంపల్లె వైపు కొన్ని ఊళ్ల బోరు నీళ్లకు ఈ బాధ ఉంది. ఆ మరక పంటి మీద పడింది కాదు, పన్ను తయారవుతున్నప్పుడే లోపల పడింది! ఏ బ్రష్‌తో ఎంత తోమినా పోదు. అలాంటి పిల్లలను సరిగా తోముకోలేదని తిట్టకండి! తప్పు పిల్లలది కాదు, నీళ్లది.

పంటి డాక్టరు కోసం దూరం పోవాలా? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ దంత కళాశాలలు 2. ఒకటి విజయవాడలో. రెండోది? మన కడపలోనే! రిమ్స్‌లో! పాచి గారగా మారి రాయిలా గట్టిపడిపోతే ఏ కరెంటు బ్రష్షూ కదిలించలేదు. అక్కడికి పోయి తీయించుకోవాల్సిందే!

పాచి అంటే గుర్తొచ్చింది! 1683లో హాలండ్‌లో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పళ్ల మీది పాచి గీకి, తానే అరగదీసిన అద్దం కింద పెట్టాడు. లోపల బుజ్జి ప్రాణులు గిలగిలా ఈదుతున్నాయి! మనిషి బ్యాక్టీరియాను చూసిన తొలి చూపుల్లో అదొకటి! ఎక్కడ? పంటి పాచిలో!

అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం వాళ్లు 2003లో ఓ ప్రశ్న అడిగారు: ఏది లేకుండా బతకలేరు? కారు ఉంది, కంప్యూటర్ ఉంది, సెల్‌ఫోన్ ఉంది. జనం మొదటి స్థానం ఇచ్చింది పళ్లు తోముకునే బ్రష్‌కు!

అంతరిక్షంలోనూ అదే ఆదుకుంది! 2012లో అంతరిక్ష కేంద్రం బయట ఓ బోల్టు బిగుసుకోక మొరాయించింది. సునీతా విలియమ్స్ ఏం తీసుకుని బయటికొచ్చారో తెలుసా? టూత్‌బ్రష్ కట్టి చేసుకున్న పనిముట్టు! బోల్టు చోటు శుభ్రం చేశారు, బిగించారు, కేంద్రానికి కరెంటు సరిగ్గా అందింది!

ఆఖరుది, అన్నిటికంటే నాకు నచ్చినది! మన యాపపుల్ల ఎంత పొడవుండాలో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు ఎప్పుడో రాసిపెట్టాడు. 12 అంగుళాలు! ఇవి స్కేలు మీది అంగుళాలు కావు, వేలి వెడల్పులు. అలాంటివి పన్నెండంటే సరిగ్గా ఒక జానెడు! ఇప్పుడు స్టాండు మీది కరెంటు బ్రష్ తీయండి. బొటనవేలూ చిటికెనవేలూ చాపి దాని పక్కన పెట్టండి. ఓ వేలెడు అటూ ఇటూ, అదీ జానెడే!